చర్చ: 250 లెన్సుతో ఓరియన్ నెబ్యులా, 120 ఫోటోల్లో ఒక్కటే స్టాక్ అవుతోంది

కర్నూలు_కొత్తోడు:
అందరికీ నమస్కారం. నా దగ్గర కెనాన్ 1500డి, 18-55, 55-250 లెన్సులు, పెళ్ళి ఫోటోల వాళ్ళ దగ్గర కొన్న పాత ట్రైపాడ్ ఉన్నాయి. మొన్న అమావాస్యకు ఓర్వకల్లు దాటి లోపలికి పోయి ఓరియన్ నెబ్యులా (ఓరియన్ చుక్కల గుంపులోని వాయు మేఘం) తీశాను. 250 ఎంఎం దగ్గర, 10 సెకన్లు, ఐఎస్ఓ 1600, మొత్తం 120 ఫోటోలు. ఇంటికొచ్చి, ఫోటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపే (స్టాక్ చేసే) డీప్‌స్కైస్టాకర్‌లో వేస్తే 120లో ఒక్క ఫోటోనే స్టాక్ చేస్తానంటోంది. రెండు రాత్రులు కూర్చున్నా అదే మాట. ఎన్ని సెకన్లు పెట్టాలి? డార్కులు, ఫ్లాట్లు అనే సవరణ ఫోటోలు తప్పనిసరా? సెకండ్‌హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి దొరుకుతోంది, కొనొచ్చా? కర్నూలుకు గంట లోపు మంచి చీకటి ఎక్కడుంది? కెమెరా వెనక తెర మీద ఆ గులాబీ మరక మొదటిసారి కనపడినప్పుడు చేతులు వణికాయి. అందుకే వదలబుద్ధి కావడం లేదు.

కడప_సిరిల్:
డీఎస్ఎస్ (డీప్‌స్కైస్టాకర్) వదిలెయ్ తమ్ముడూ, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌కి వచ్చెయ్. అదీ ఫ్రీనే, విండోస్‌లో, లైనక్స్‌లో, మ్యాక్‌లో అన్నిట్లో నడుస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. ఫోల్డర్ల పేర్లు లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అని ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. నేను చివర ఎస్ లేకుండా లైట్ అని పెట్టి మూడు రోజులు తల బాదుకున్నా. స్క్రిప్టు నొక్కగానే ఎర్రగా ఏదో రాసి ఆగిపోయేది. లాప్‌టాప్ పాడైందనుకుని ర్యామ్ కూడా కొన్నా. ఆ డబ్బు తిరిగి రాదు, కనీసం నువ్వైనా చూసుకో.

తాడిపత్రి_లేత్:
సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. లెక్క చూడు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను డిగ్రీలో 3,600వ వంతు). నీ కెమెరా పిక్సెల్ 3.7 మైక్రాన్లు, 250 లెన్సుకు ఒక్కో పిక్సెల్‌కు 3 ఆర్క్‌సెకన్లు పడుతుంది. 10 సెకన్లలో చుక్క 50 పిక్సెళ్ళ గీత అయిపోతుంది. డీఎస్ఎస్ గుండ్రటి చుక్కల్ని వెతుకుతుంది, గీతల్ని చుక్కలనుకోదు. అందుకే మొదటి ఫోటో ఒక్కటి పెట్టుకుని మిగతావి వదిలేసింది. పైగా ఓరియన్ ఖగోళ మధ్యరేఖ పక్కనే ఉంటుంది, అక్కడ చుక్కలు అన్నిటికన్నా వేగంగా జరుగుతాయి. చుక్క గీత కాకుండా ఎన్ని సెకన్లు పెట్టొచ్చో చెప్పే 500 సూత్రం ప్రకారం 500ను 250తో, మళ్ళీ నీ కెమెరా చిన్న సెన్సర్‌కు 1.6తో భాగిస్తే సెకనుంపావు. నేనైతే ఒక్క సెకనే పెడతా.

పెన్నా_గగనం:
ఒక్క సెకను ఫోటోలతో డీప్‌స్కై (నెబ్యులాల లాంటి మసక వస్తువుల ఫోటోలు) ఏమిటండీ? 11 ఏళ్ళుగా అనంతపురం చుట్టుపక్కల తీస్తున్నాను, ఈ జిల్లాలో నేను నిలబడని గుట్ట లేదు. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేకుండా మొదలుపెట్టొద్దు. కొనక్కర్లేదు, బార్న్‌డోర్ ట్రాకర్ ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు ప్లైవుడ్ పలకలు, ఒక మడతబందు, మడతబందు నుంచి సరిగ్గా 29 సెంటీమీటర్ల దూరంలో ఒక బోల్టు. నిమిషానికి ఒక చుట్టు తిప్పాలి. మడతబందు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. 50 లెన్సుతో నిమిషం, నిమిషంన్నర ఎక్స్‌పోజర్ హాయిగా వస్తుంది. నా ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో అలా తీసిందే.

తాడిపత్రి_లేత్:
29 కాదు సార్, 22.86. మన హార్డ్‌వేర్ షాపులో 6 ఎంఎం బోల్టు అడిగితే ఒక చుట్టుకు 1 ఎంఎం లేస్తుంది.

పెన్నా_గగనం:
29. ప్రపంచమంతా 29 అనే రాశారు. నేను చేసి, తీసి, చూపించాను. మీరు చేశారా?

తాడిపత్రి_లేత్:
చేశాను సార్. ముందు 29కే చేశాను, మీలాంటి వాళ్ళు రాసింది నమ్మి. నెల రోజులు చుక్కలన్నీ గీతలే. ధ్రువ నక్షత్రం సరిగ్గా పట్టలేదేమోనని ప్రతి రాత్రీ మడతబందే కదిపాను. చివరికి వెర్నియర్ పెట్టి కొలిస్తే బోల్టు దగ్గర తేడా తేలింది. 29 లెక్క పావు అంగుళం బోల్టుది, దానికి అంగుళానికి 20 చుట్లు, అంటే చుట్టుకు 1.27 ఎంఎం. 6 ఎంఎం బోల్టును 29 దగ్గర పెడితే ట్రాకర్ నూటికి 21 వంతులు నెమ్మదిగా తిరుగుతుంది. మా నాయన లేత్ మీద పెరిగినోణ్ణి, ఈ లెక్క నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పెన్నా_గగనం:
కెమెరా కింద స్క్రూ ఎంత? పావు అంగుళం. ట్రైపాడ్ స్క్రూ? అదీ పావు అంగుళమే. ఈ పనిలో అన్నీ దాని మీదే నడుస్తాయి. కొత్త పిల్లాణ్ణి కంగారు పెట్టొద్దు.

తాడిపత్రి_లేత్:
కంగారు పెడుతున్నది ఎవరు సార్? అతను పొద్దున్నే పోయి షాపులో బోల్టు అడుగుతాడు, వాడు 6 ఎంఎం చేతిలో పెడతాడు. తర్వాత నాలాగే నెల రోజులు తిరుగుతాడు.

మిద్దె_మీది_చుక్క:
మీ ఇద్దరూ బోల్టు తేల్చుకునే లోపు నేను ట్రాకర్ లేకుండా తీసింది చెప్తా. మాది ప్రొద్దుటూరు. రాత్రి పూట ఒక్కదాన్నే గండికోటకో, గుట్టలకో పోయే వీలు నాకు లేదు. ఉన్నది మా మిద్దె. ఉత్తరం పక్క నీళ్ళ ట్యాంకు, ధ్రువ నక్షత్రం ఈ జన్మలో కనపడదు. వీధి దీపాలు ఎల్‌ఈడీలు. 55-250 లెన్సు 135 దగ్గర పెట్టి, 2 సెకన్లు, ఐఎస్ఓ 1600, తీగ రిమోట్‌తో ఒక్కో రాత్రి 1,400 ఫోటోలు, అయిదు రాత్రులు. 7,000 ఫోటోలు, దగ్గర దగ్గర నాలుగు గంటల వెలుగు. 15 నిమిషాలకోసారి ఓరియన్‌ను మళ్ళీ మధ్యలోకి తెచ్చుకోవాలి, అంతే. సిరిల్ ఒక రాత్రంతా నడిచింది. పొద్దున లేచి హిస్టోగ్రామ్ లాగితే (చీకట్లో దాగిన వెలుగును పైకి తేవడం, దాన్నే స్ట్రెచ్ అంటారు) నెబ్యులా రెక్కలు రెండూ విప్పుకుని కనపడ్డాయి, పక్కన రన్నింగ్ మ్యాన్ అనే ఇంకో నెబ్యులా నీలంగా. అమ్మను పిలిచి చూపించా. ఆ ఫోటో ఇక్కడా పెడుతున్నా.

గుత్తి_కోట:
ప్రొద్దుటూరు మిద్దె మీద నుంచి ఈ రంగులా? నేను నమ్మను. ఏఐ బొమ్మలు పెట్టి కొత్తవాళ్ళను ఊరించొద్దు. పైగా 7,000 క్లిక్కులు! నా కెమెరా షట్టర్ రెండో చలికాలానికే పోయింది. బాగుచేయడానికి కెమెరా ధరలో సగం అడిగారు. ఇప్పటికీ అది బీరువాలోనే ఉంది.

మిద్దె_మీది_చుక్క:
అన్నా, అనేముందు ఒక మాట అడగాల్సింది. కింద మూడు ఫోటోలు పెట్టాను. ఒక్క ఫోటో, నారింజ రంగు ఆకాశంతో, ఏమీ కనపడకుండా. 100 కలిపింది. 7,000 కలిపింది. నాలుగు రెట్లు ఫోటోలు తీస్తే నాయిస్ సగానికి వస్తుంది, దీంట్లో మంత్రం ఏమీ లేదు. ఏ రాత్రి తీసిన అసలు ఫైళ్ళు (కెమెరా ఇచ్చిన ‘రా’ ఫైళ్ళు) కావాలో చెప్పు, పంపిస్తా. అయిదు రాత్రులు దుప్పటి కప్పుకుని కూర్చున్నదాన్ని, ఏఐ అంటే బాధేస్తుంది. షట్టర్ సంగతంటావా, పోతే పోతుంది. కెమెరాను బీరువాలో పెట్టుకోవడానికి కొనలేదు నేను.

గుత్తి_కోట:
ఒక్క ఫోటో చూశాను. ఏఐ అన్నందుకు క్షమించు అక్కా. షట్టర్ గురించి మాత్రం మాట మార్చుకోను.

కడప_సిరిల్:
అక్కా, అంత నారింజ రంగు ఎట్లా తీశావు? నాకు ఒక మూల ఎప్పుడూ ఎర్రగా మిగులుతుంది.

మిద్దె_మీది_చుక్క:
సిరిల్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్, అంటే ఊరి వెలుగు రంగును ఫోటోలోంచి తీసేయడం. అది ఆకాశం మీద గుర్తులు పెట్టి రంగు కొలుస్తుంది. నెబ్యులా మీద పడ్డ గుర్తులు తీసేయాలి, లేకపోతే నెబ్యులానే కాలుష్యం అనుకుని తుడిచేస్తుంది. అది స్ట్రెచ్‌కు ముందే చేయాలి. తర్వాత చుక్కల అసలు రంగులతో పోల్చి రంగులు సరిచేసే ఫోటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్. అప్పటికీ పోకపోతే గ్రాఎక్స్‌పర్ట్ ఉంది, అదీ ఫ్రీ. చివర మెరుగులు గింప్‌లో. ఫ్లాట్లు లేకపోతే మాత్రం ఏదీ పనిచేయదు. మూలల్లో నలుపు, మధ్యలో తెలుపు అట్లే ఉండిపోతాయి. నాన్న తెల్ల పంచె రెండు మడతలు వేసి లెన్సుకు రబ్బరు బ్యాండుతో కట్టి, పొద్దున ఎండ రాకముందు ఆకాశం వైపు పెట్టి 30 తీస్తా. ఫోకస్ రింగు మాత్రం కదలకూడదు. రాత్రే టేపు వేస్తా.

శనగచేను_కోవెలకుంట్ల:
చీకటి చోటు అడిగావు కదా కొత్తోడా, చోటు కన్నా ముందు ఊరివాళ్ళకు చెప్పుకో. పోయిన జనవరిలో నేనూ మా బావమరిదీ మా ఊరికి నాలుగు మైళ్ళ అవతల శనగ చేలో పెట్టుకున్నాం. నెత్తికి ఎర్ర లైటు, ముందు నల్లటి గొట్టం లాంటి లెన్సు. రాత్రి ఒంటిగంటకు ఎనిమిది మంది కట్టెలు పట్టుకుని వచ్చారు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళం అనుకున్నారు. పక్కనే పాడుబడ్డ గుడి ఉందని మాకు తెలీదు. బావమరిది కాలర్ పట్టుకున్నారు. నేను కెమెరా తెర చూపించి, ఇదిగో ఈ చుక్కల్లో ఉంది నిధి అన్నా. వాళ్ళలో ఒక పెద్దాయన కట్టె కింద పెట్టి, పిల్లలకోడి కనపడుతుందా నాయనా దీంట్లో అన్నాడు. కృత్తికల వైపు తిప్పి 4 సెకన్లు తీసి చూపించా. కంటికి ఆరు కనపడే చోట తెర మీద ముప్పై పైన కనపడ్డాయి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన ఇంట్లోనే టీ తాగి వచ్చాం. ఇప్పుడు ఎక్కడికి పోయినా పొద్దు మునగకముందే ఆ ఊరి టీ కొట్టులో చెప్పి పోతాం.

ఇంకోటి. నల్లరేగడిలో ట్రైపాడ్ కాళ్ళు దిగబడతాయి. గంటలో ఫ్రేమ్ పక్కకు ఒరిగిపోతుంది. మూడు నాపరాతి ముక్కలు డిక్కీలో పెట్టుకో, ఒక్కో కాలి కింద ఒకటి.

గుత్తి_కోట:
పిల్లలకోడి! మా అవ్వ కూడా అదే అనేది. ఓరియన్ నడుము మూడు చుక్కల్ని గొల్లకావడి అనేది. అవి ఎంత పైకొచ్చాయో చూసి చేనికి నీళ్ళు పెట్టడానికి లేచేవాళ్ళంట.

పెన్నా_గగనం:
విషయానికి రండి. ధ్రువ నక్షత్రం మనకు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చేయి చాపి పిడికిలి పట్టి చూస్తే ఒకటిన్నర పిడికిళ్ళు. ఉత్తరాన గుట్ట గానీ, ఊరి వెలుగు గానీ ఉంటే దొరకదు. కాబట్టి చోటు వెతికేటప్పుడు ఉత్తరం ఖాళీగా ఉందా అని ముందు చూడాలి. అనంతపురం వైపు గాలిమరల ఎర్ర లైట్లు ఇంకో బాధ. దక్షిణం కూడా వదలొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఒమేగా సెంటారి అనే చుక్కల గుంపు మనకు 28 డిగ్రీల దాకా లేస్తుంది. ఉత్తర దేశం వాళ్ళకు ఆ అదృష్టం లేదు.

తాడిపత్రి_లేత్:
ఇది మాత్రం బంగారం లాంటి మాట సార్. ఒమేగా సెంటారి 135 లెన్సుకు కూడా గుండ్రంగా పిండి చల్లినట్టు వస్తుంది. బోల్టు సంగతి మాత్రం మీరింకా చెప్పలేదు.

పెన్నా_గగనం:
ఇప్పుడే అటక మీద నుంచి దించి చూశాను. అంగుళానికి 20 చుట్లు ఉన్నాయి. నాది సరిగ్గానే ఉంది.

తాడిపత్రి_లేత్:
అంటే మీది పావు అంగుళం బోల్టు. మీ 29 మీకు సరి. 6 ఎంఎం కొనేవాడికి 22.86. మొదటి నుంచీ నేను మొత్తుకునేది ఇదే.

పెన్నా_గగనం:
మొదటే బోల్టు పేరు చెప్పి మాట్లాడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

తాడిపత్రి_లేత్:
నా మొదటి ముక్కలోనే 6 ఎంఎం అని ఉంది సార్. పైకి పోయి చదవండి.

కర్నూలు_కొత్తోడు:
అన్నలకూ అక్కకూ నమస్కారం. నిన్న రాత్రి మళ్ళీ పోయాను. ఈసారి ఊళ్ళో చెప్పి, నాపరాళ్ళు పెట్టుకుని. 250 దగ్గర ఒక్క సెకను, 1,100 ఫోటోలు. అయిదు నిమిషాలకోసారి మధ్యలోకి తెచ్చుకున్నా. డీఎస్ఎస్ 1,040 తీసుకుంది! మొత్తం 17 నిమిషాలు. నెబ్యులా మధ్యభాగం వచ్చింది, ఒక రెక్క మాత్రం తెలుస్తోంది. తెల్లవారుజామున మూడు గంటలకు లెన్సు మీద మంచు పట్టింది, చివరి 60 అందుకే పోయాయి. డార్కులు తీయలేదు. వాటి గురించి ఎవరూ చెప్పలేదు.

కడప_సిరిల్:
అయ్యో. లెన్సుకు మూత పెట్టి అదే సెకను, అదే ఐఎస్ఓతో 30 తియ్. ఆ రాత్రి చలిలోనే తియ్యాలి. పగలు ఇంట్లో తీస్తే సెన్సర్ వేడికి వేరే నాయిస్ వస్తుంది. మంచుకు లెన్సు చుట్టూ పాత మఫ్లర్ చుట్టు.

కర్నూలు_కొత్తోడు:
సరే అన్నా. 50 లెన్సు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. అమ్మేవాడు ఆదివారం దాకా ఆగుతానన్నాడు.

మిద్దె_మీది_చుక్క:
కొను తమ్ముడూ. లెన్సు కన్ను కాస్త మూసి ఎఫ్ 2.8కి దించి వాడు, 1.8 దగ్గర మూలల్లో చుక్కలకు రెక్కలొస్తాయి. ట్రాకర్ లేకుండా 4 సెకన్లు.

తాడిపత్రి_లేత్:
కొన్నాక తాడిపత్రి వైపు వస్తే చెప్పు. పలకలు కోసి, 22.86 దగ్గర రంధ్రం వేసి పెడతా. మడతబందు మాత్రం నువ్వు తెచ్చుకో. ఊగులాట లేనిది, ఇత్తడిది చూసి తీసుకో.