జనరేటర్ సెల్ఫ్ తీసుకోకపోతే ముందు బ్యాటరీలు మార్చాలా, కేబుళ్లు చూడాలా?

పెరుంగుడి అపార్ట్‌మెంట్ కార్యదర్శి

చెన్నైలో మాది తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్. 250 కేవీఏ డీజిల్ జనరేటర్ (డీజీ), రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. మొన్న రాత్రి వానకి కరెంటు పోయింది. ప్యానెల్ మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, స్టార్ట్ కాలేదని ఎర్ర లైటు వేసి ఊరుకుంది. ఇంజిన్ నీరసంగా అర చుట్టు తిరిగి టక్‌మని ఆగుతోంది. పై అంతస్తులో ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్న పెద్దాయన్ని నలుగురం కుర్చీలో మెట్ల మీదుగా దించి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

సర్వీసు మనిషి వచ్చి రెండు బ్యాటరీలూ పోయాయి, మార్చాలన్నాడు. కొని పద్నాలుగు నెలలే. మీటరు పెడితే రెండూ కలిపి 25.2 వోల్టులు ఉన్నాయి. కమిటీలో సగం మంది మార్చేద్దామంటున్నారు, మిగతావాళ్లు డబ్బు దండగంటున్నారు. ఏం చేయమంటారు?

మేడవాక్కం నివాసి

మార్చేయండి సార్. ఊరికే ఉన్న బ్యాటరీ 25 చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచినప్పుడు మా జనరేటర్‌కి ఇదే జరిగింది. నీళ్లలో మెకానిక్ ఎలా వస్తాడు? అప్పట్నుంచి పాడైనా కాకపోయినా రెండేళ్లకోసారి జోడీగా మార్చేస్తున్నాం. పైన మనుషుల ప్రాణాలున్నప్పుడు కొలుస్తూ కూర్చోలేం.

అంబత్తూరు డీజీ మెకానిక్

అన్నా, లోడు మీద చూడాలన్న మీ మాట నిజమే. అందుకే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడే కొలవాలి. కొలవకుండా మార్చమంటే నేను ఒప్పుకోను. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, బాగున్న బ్యాటరీలు తీసేసి కొత్తవి పెట్టించుకున్న అపార్ట్‌మెంట్లు చాలా చూశాను.

కార్యదర్శి గారూ, ప్యానెల్ ఆటోలోంచి మాన్యువల్‌కి మార్చండి, లేకపోతే మీ చేతులు ఇంజిన్ దగ్గర ఉండగా దానంతటదే తిరగొచ్చు. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, పది సెకన్లకు మించొద్దు. ఇంకొకరు బ్యాటరీ పోస్టుల (పైకి పొడుచుకొచ్చిన సీసపు మొనల) మీదే మీటరు పెట్టాలి, వాటికి కేబుల్‌ని బిగించే క్లాంపుల మీద కాదు. రెండూ కలిపి 19 వోల్టుల కిందికి దిగితే బ్యాటరీలనే అనుమానించండి. అలా దిగకపోతే అదే కొలత సెల్ఫ్ మోటారు దగ్గర తీయండి. రెండింటికీ ఎంత తేడా ఉందో అంత వోల్టేజీ కేబుళ్ల దారిలో పోతున్నట్టు. తర్వాత బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బాడీకీ మధ్య చూడండి. అక్కడ అర వోల్టు దాటకూడదు.

సెల్ఫ్ కొన్ని వందల ఆంపియర్లు లాగుతుంది. 400 ఆంపియర్లు పోయే దారిలో 5 మిల్లీ ఓముల నిరోధం ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటరు అంత చిన్న నిరోధాన్ని పట్టుకోలేదు, అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజీ చూడాలి. మన సముద్రపు గాలికి లగ్గుల (కేబుల్ కొసన బోల్టుకి బిగించే లోహపు ముక్కల) కింద పచ్చగా చిలుము పడుతుంది, పైకి కేబుల్ కొత్తదానిలా కనిపిస్తుంది.

వేళచ్చేరి వాచ్‌మన్ కొడుకు

మా నాన్న స్పానర్‌తో సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) బోల్టులు రెండూ కలిపి స్టార్ట్ చేసేస్తారు. అలా చేయొచ్చు కదా?

అంబత్తూరు డీజీ మెకానిక్

తమ్ముడూ, దయచేసి నాన్నగారిని ఆ పని మాన్పించు. చార్జ్ అయ్యే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. యాసిడ్ మొహం మీద పడిన మనిషిని నేను కళ్లారా చూశాను. పైగా అలా కొడితే ప్యానెల్ ఇచ్చే రక్షణ పనిచేయదు.

పెరుంగుడి అపార్ట్‌మెంట్ కార్యదర్శి

ఈరోజు పొద్దున కొలిచాం. సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీల దగ్గర 21.5, మోటారు దగ్గర 17.8. నెగటివ్ పోస్టుకీ బాడీకీ మధ్యే 2.9! చార్జర్ ఆపి, నెగటివ్ ముందు విప్పి, ఎర్త్ కేబుల్ ఊడదీశాం. ఛాసిస్‌కి బిగించిన చోట లగ్గు కింద పెయింటు, దాని మీద తుప్పు. గరుకు కాగితంతో లోహం తేలేదాకా రుద్ది బిగించి, పైన వాజిలిన్ పూశాం. ఇప్పుడు బ్యాటరీల దగ్గర 20.9, మోటారు దగ్గర 20.1. మొదటి దెబ్బకే ఇంజిన్ అందుకుంది. బ్యాటరీల దగ్గర ఇంతకుముందుకన్నా తగ్గిందేమిటి?

అంబత్తూరు డీజీ మెకానిక్

అది మంచిదే సార్. అడ్డు పోయింది కాబట్టి సెల్ఫ్ తనకు కావలసిన కరెంటు పూర్తిగా లాగుతోంది. ఇక చార్జర్ చూడండి, నిండిన బ్యాటరీల మీద 27 వోల్టుల దగ్గర నిలబడాలి. తక్కువైతే ప్లేట్లు గట్టిపడతాయి, ఎక్కువైతే నీళ్లు ఇంకిపోతాయి.

మేడవాక్కం నివాసి

కేబుల్ మాట ఒప్పుకుంటున్నాను. మా దగ్గర ఎర్త్ లగ్గు ఎప్పుడూ విప్పలేదు, ఆదివారం విప్పిస్తాను. రెండేళ్ల లెక్క మాత్రం వదలను. పద్నాలుగు నెలల బ్యాటరీకి మీ పద్ధతి సరిపోవచ్చు, మూడేళ్లదాన్ని నమ్ముకుని మాత్రం మా అమ్మని తుపాను రాత్రి ఆరో అంతస్తులో ఉంచలేను.