181 మహిళా హెల్ప్‌లైన్ నంబర్ ఆడవాళ్లకు చేరాలి, ఇంట్లోవాళ్ల కంట పడకూడదు. ఎలా?

మాది కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. మహిళలపై హింసకు వ్యతిరేకంగా నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు జరిగే 16 రోజుల ప్రచారంలో భాగంగా, గృహహింస గురించి మా మహిళా సంఘం తరఫున ఊళ్లో చెబుతున్నాం. 181కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చని, జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి దొరుకుతాయని, 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా భార్యకు అక్కడ ఉండే హక్కుందని చెప్పాలని మా ప్రయత్నం.

రేషన్ షాపు గోడకు పోస్టర్ అంటిస్తే తెల్లారేసరికి చింపేశారు. మళ్లీ అంటించినా అంతే. కరపత్రాలు ఇస్తే చాలామంది అక్కడే తిరిగిచ్చేశారు, ఇంటికి తీసుకెళ్తే గొడవవుతుందని. వాట్సాప్‌లో పెడదామంటే ఫోన్ భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. సాయంత్రం ఏడింటికి సంఘం మీటింగులో మాట్లాడితే ఎవరూ నోరు విప్పలేదు. అత్తాకోడళ్లు ఒకే సంఘంలో ఉన్నప్పుడు కోడలు ఏం మాట్లాడుతుంది? అసలు ఈ మాటలు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే చేరడం లేదు, అదే మా బాధ.

ఆశా కార్యకర్తతో చెప్పిద్దామంటే, ఆమె కూడా ఈ ఊళ్లోనే బతకాలి. మగవాళ్లతో వేరే మీటింగు పెట్టే ఆలోచన ఉంది, అది తర్వాతి సంగతి.

మీ ఊళ్లలో ఇలాంటి పని చేసినవాళ్లు, ఇంట్లోవాళ్లకు అనుమానం రాకుండా ఈ నంబర్‌ను ఆడవాళ్లకు ఎక్కడ, ఏ రూపంలో అందించారు?