వౌచర్‌తో వచ్చేవాళ్లకు ఇల్లు ఇవ్వననే హక్కు ఓనర్‌కు ఉండాలా?

ప్లేనో ఓనర్:
అమెరికాలో మనవాళ్లు చాలామంది ఒకటో రెండో ఇళ్లు కొని అద్దెకిస్తున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. సెక్షన్ 8 వౌచర్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం. అది ఉన్న కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెగా కడుతుంది, మిగతాది హౌసింగ్ అథారిటీ అనే స్థానిక ప్రభుత్వ సంస్థ నేరుగా ఓనర్‌కు పంపుతుంది. అలాంటి కుటుంబం వస్తే "వౌచర్ తీసుకోను" అనొచ్చా? 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనకూడదంది. 1974లో స్త్రీ పురుష భేదం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబాలు అందులో చేరాయి. అద్దె డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతి ఈనాటికీ అందులో లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా చేర్చుకున్నాయి. మా టెక్సస్ మాత్రం నగరాలు అలాంటి నియమం పెట్టకూడదని 2015లో చట్టం చేసింది.

నా లెక్కలో టెక్సస్ చేసింది సబబే. రంగు చూసి కాదనడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ వౌచర్ ఒప్పుకోవడమంటే ప్రభుత్వ సంస్థతో కాంట్రాక్టు, ఇన్‌స్పెక్షన్ పాసయ్యేదాకా ఇల్లు ఖాళీ, ఆ నెల మార్ట్‌గేజ్ మన జేబులోంచి. వద్దనుకునే మనిషిని ఆ కాంట్రాక్టులోకి లాగడం న్యాయమా?

న్యూజెర్సీ అక్క:
ఓనర్ గారూ, మీ ఇబ్బంది నిజమే. మరి అవతలి మనిషి ఎలా వస్తుందో కూడా చూడండి. అద్దె సాయానికి అర్హత ఉన్న కుటుంబాల్లో నాలుగింట ఒకదానికే అది అందుతుంది. ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి వౌచర్ చేతికొచ్చాక, ఇల్లు వెతుక్కోవడానికి మొదట ఇచ్చే గడువు చాలాచోట్ల 60 రోజులే. పొడిగింపు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆలోపు ఎవరూ ఇల్లివ్వకపోతే వౌచర్ వెనక్కి పోతుంది. "వౌచర్ తీసుకోం" అనే ఒక్క ముక్కతో పదిమంది ఓనర్లు తలుపు వేస్తే ఆమెకు చట్టం ఇచ్చిందేమిటి?

పైగా రంగు చూసి కాదనేవాడికి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. కారణం అడిగితే వౌచర్ అంటాడు, కేసు అక్కడితో ఆగిపోతుంది.

ప్రభుత్వంతో కాంట్రాక్టు అంటున్నారు కదా. ఈ దేశంలో ఇళ్లను రంగుల వారీగా విడగొట్టింది ముందు ప్రభుత్వమే. 1930లలో నల్లవాళ్లుండే పేటలను, అక్కడ లోన్లివ్వడం రిస్కని, మ్యాపుల మీద ఎర్రగా గీసింది. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తెల్లవాళ్ల కాలనీల్లో లోన్లకు హామీ ఉంటూ, నల్లవాళ్లకు అమ్మకూడదన్న షరతు దస్తావేజుల్లో పెట్టమని ప్రోత్సహించింది. ఆ షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. అప్పట్లో ఆ హామీ అందుకున్నవాళ్లెవరూ ప్రభుత్వం మధ్యలో ఎందుకని అడగలేదు.

మనకూ ఇందులో వాటా ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయ వలసదారు కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పొచ్చింది. దాంతో పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదనే కాలిఫోర్నియా భూచట్టం మనవాళ్లకూ వర్తించి, సాగు చేసుకుంటున్న పొలాలు పోయాయి. మనం ఇవాళ ప్లేనోలో, ఎడిసన్‌లో నచ్చిన వీధిలో ఇల్లు కొంటున్నామంటే వేరేవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని తెచ్చిన చట్టం వల్లే. 1966లో షికాగోలో ఇళ్ల కోసం ఊరేగింపు చేస్తుంటే మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది. ఆయన హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు.

సియాటిల్ నుంచి:
మా వాషింగ్టన్ రాష్ట్రం 2018లో వౌచర్ చూసి కాదనడాన్ని నిషేధించింది. అదే ఏడు ఓనర్ల కోసం ఒక నిధి కూడా పెట్టింది. ఇన్‌స్పెక్షన్ కోసం చేయించే రిపేర్లకు వెయ్యి డాలర్ల వరకు, ఇల్లు పాడైతే 5,000 డాలర్ల వరకు అందులోంచి అడగొచ్చు. ఓనర్ గారి భయానికి జవాబు అక్కడుంది. కాదనే హక్కు తీసేసి, నష్టం భారం ఓనర్ మీదే వదిలేస్తే ఎవరైనా దొంగదారి వెతుకుతారు.

అర్వింగ్ వాసి:
డాలస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. వౌచర్ కింద ఇచ్చే అద్దెకు పరిమితి డాలస్, దాని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకటే ఉన్నంతకాలం, మంచి స్కూళ్లున్న చోట ఆ డబ్బు చాలేది కాదు. కోర్టు కేసు తర్వాత 2011 నుంచి ఇక్కడ జిప్ కోడ్ వారీగా లెక్కకట్టడం మొదలైంది, దాంతో కొన్ని కుటుంబాలు మెరుగైన పేటలకు వెళ్లగలిగాయి. మకాం మారితే ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు జవాబుంది. 1990లలో ఐదు నగరాల్లో చేసిన ప్రయోగంలో, 13 ఏళ్లలోపు పేదరికం తక్కువున్న పేటలకు మారిన పిల్లలు పెద్దయ్యాక సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తేల్చింది. అంతకంటే పెద్ద వయసులో మారినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. అంటే ఆలస్యమైన ప్రతి ఏడూ ఒక పిల్లవాడి ఖాతాలోంచి పోతోంది.

కానీ ఊళ్లో అద్దె ఇళ్లే కట్టనివ్వకపోతే వౌచర్ ఎక్కడ వాడతారు? పెద్ద స్థలంలో ఒకే కుటుంబం ఉండే ఇల్లు తప్ప ఇంకేదీ కట్టకూడదనే ఊరి నియమం (జోనింగ్) ఉన్నంతకాలం మీరిద్దరూ వాదించుకునే ఇళ్లు ఆ ఊళ్లో ఉండనే ఉండవు.

బోస్టన్ టెకీ:
ఇంకో పదేళ్లలో కాదనేది ఓనర్ కాదు, అద్దెకు వచ్చేవాళ్లను వడపోసే స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్. మసాచుసెట్స్‌లో వౌచర్ చూసి కాదనడంపై నిషేధం ఎప్పటి నుంచో ఉంది. అయినా సేఫ్‌రెంట్ అనే కంపెనీ స్కోరు, అద్దెలో పెద్ద భాగం హౌసింగ్ అథారిటీయే కడుతుందన్న సంగతిని లెక్కలోకి తీసుకోకుండా పాత క్రెడిట్ చూసి మార్కులేస్తోందని అద్దెదారులు కేసు వేశారు. 2024లో 22 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీపడింది. ఉద్దేశం చెడ్డది కాకపోయినా ఫలితంలో వివక్ష ఉంటే ప్రశ్నించొచ్చని 2015లో సుప్రీంకోర్టు 5–4తో చెప్పింది కాబట్టే ఇలాంటి కేసులు నిలబడుతున్నాయి. నాకు టెన్షన్ ఆ ఒక్క ఓటు గురించే.

ప్లేనో ఓనర్:
సియాటిల్ వారి పద్ధతి మా దగ్గరుంటే నాకు అభ్యంతరం సగం తగ్గుతుంది. ఇన్‌స్పెక్షన్ వారంలో చేయాలన్న గడువు కూడా పెట్టాలి. కానీ ఒకే ఇల్లున్నవాడినీ వందల అపార్ట్‌మెంట్ల కంపెనీనీ ఒకే గాటన కట్టొద్దు. 1968 చట్టమే చిన్న ఓనర్లకు కొన్ని మినహాయింపులిచ్చింది. వౌచర్ల విషయంలోనూ అలాగే ఇవ్వాలి.

న్యూజెర్సీ అక్క:
ఆ మినహాయింపు ఉన్నా జాతి విషయంలో 1866 పౌరహక్కుల చట్టం చిన్న ఓనర్‌నూ వదలదండీ. మీ ఊళ్లో ముగ్గురు పిల్లలున్న తల్లికి కావలసిన మూడు బెడ్‌రూముల ఇళ్లు ఎక్కువగా మీలాంటి చిన్న ఓనర్ల దగ్గరే ఉంటాయి కదా, మిమ్మల్ని తప్పిస్తే ఆమెకు మిగిలేదేమిటి? గడువు, నిధి రెండూ ఉండాల్సిందే, మీతో కలిసి నేనూ అడుగుతాను. అయితే ముందు మీ టెక్సస్ 2015 చట్టం పోవాలి. అది ఉన్నంతకాలం మీ నగరం కౌన్సిల్ కావాలనుకున్నా మీ షరతులతో కూడిన నియమం కూడా పెట్టలేదు.