ఫోల్డర్ల విషయంలో ‘భర్తీ’ అన్న మాట గురించి

ఒకే పేరుగల ఫోల్డర్లు రెండు ఒకచోట చేరబోతున్నప్పుడు కంప్యూటరు చూపించే ‘రీప్లేస్’, ‘మెర్జ్’ అన్న బొత్తాలకు ‘భర్తీ చేయి’, ‘విలీనం చేయి’ అని పెట్టుకోవచ్చునని, కంప్యూటరు మాటలకు తెలుగు మాటలు వెతికే ఈ చర్చలో ఒక సభ్యులు ప్రతిపాదించారు. వారి శ్రమ మీద గౌరవంతోనే ఆ రెండింటితోనూ విభేదిస్తున్నాను. వాటిలో ‘భర్తీ’ ఇక్కడ నిజంగా నష్టం తెచ్చే మాట.

భర్తీ చేయడమంటే ఖాళీని నింపడం. ఉద్యోగాలను భర్తీ చేస్తారు, లోటును భర్తీ చేస్తారు. ఉన్నదాన్ని తీసివేయడమన్న భావం ఆ మాటలో ఎక్కడా లేదు. మా తిరుపతి గంగమ్మ జాతరను ఇద్దరు ఫొటోలు తీశారనుకుందాం. ఇద్దరి దగ్గరా ఫోల్డరు పేరు ‘జాతర’యే. మొదటివారి దానిలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం ఉన్నాయి. రెండోవారి దానిలో దొర వేషం, మాతంగి వేషం ఉన్నాయి. మొదటివారి డిస్కులోకి రెండోవారి ఫోల్డరును కాపీ చేస్తుండగా ‘భర్తీ చేయాలా?’ అన్న ప్రశ్న వస్తే, లేని వేషాలు వచ్చి చేరతాయనే తెలుగువారెవరైనా అర్థం చేసుకుంటారు. మ్యాక్ కంప్యూటర్లలో ఫైళ్లను చూపించే ఫైండర్ అనే ప్రోగ్రాములో ‘రీప్లేస్’ నొక్కితే జరిగేది అది కాదు. పాత ‘జాతర’ మొత్తంగా పోయి, దాని చోటికి కొత్తది వస్తుంది. బైరాగి మొదలు తోటి దాకా ఒక్క ఫొటో కూడా మిగలదు.

ఈ గందరగోళం ఇంగ్లీషులోనూ ఉంది. విండోస్ 7లో ఇటువంటప్పుడు వచ్చే పెట్టె శీర్షికలో ‘రీప్లేస్’ అనే ఉండేది, కానీ లోపల జరిగేది కలపడమే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, మనం అమరికలు మార్చుకుంటే తప్ప, ఫోల్డర్ల గురించి అసలు అడగకుండానే కలిపివేస్తుంది. లోపల ఒకే పేరుగల ఫైళ్లు తగిలినప్పుడే ఆగి అడుగుతుంది. లినక్స్‌లో ఫైళ్లను చూసుకోవడానికి వాడే, కేడీఈ అనే బృందం వారి డాల్ఫిన్ ప్రోగ్రాములో బొత్తం మీద ఉండే మాటకు ‘అందులోకే రాయి’ అని అర్థం. నాకు తెలిసినంతలో జరిగే పనికి అన్నింటికన్నా దగ్గరగా ఉన్న మాట అదే.

ఇక ‘విలీనం’. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది, ఆపైన విడిగా మిగలలేదు. ఫోల్డరును కాపీ చేసినప్పుడు మాత్రం అసలు ఫోల్డరు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి ‘కలుపు’ చాలు.

ఫైళ్ల సంగతి వేరుగా చూడాలి. కెమెరాలు చాలావరకు ఫొటోలకు 0001 నుంచి వరుస సంఖ్యలు ఇస్తాయి గనుక, ఇద్దరూ తీసినవి వేర్వేరు వేషాలే అయినా ఆ ఫొటోలకు ఒకే పేరు ఉండవచ్చు. అప్పుడు ఫోల్డర్లు చక్కగా కలిసినా, ఫైళ్ల దగ్గర తప్పు బొత్తం నొక్కితే ఒకరి ఫొటోలు పోతాయి. అక్కడ ‘రెండూ ఉంచు’ అన్న బొత్తం స్పష్టంగా కనబడాలి.

నా ప్రతిపాదన ఇది: మెర్జ్‌కు ‘పాతదానిలో కలుపు’, రీప్లేస్‌కు ‘పాతది తొలగించి కొత్తది పెట్టు’. రెండోది బొత్తానికి పొడుగవుతుందని అభ్యంతరం రావచ్చు, కానీ దాన్ని ‘తీసిపెట్టు’ అని మాత్రం కుదించవద్దని మనవి. మన వైపు తీసిపెట్టడమంటే జాగ్రత్తగా దాచి ఉంచడం.