‘సెలర్ డోర్’: అర్థం పక్కనపెట్టి వింటే మన చెవికి ఇంపైన తెలుగు మాట ఏది?

చాలా ఏళ్ల తర్వాత ‘డానీ డార్కో’ మళ్లీ చూశాను. రిచర్డ్ కెల్లీ తొలి సినిమా, 2001లో వచ్చింది. టీనేజీలో ఈ సినిమా అంటే నాకు ప్రాణం. కుందేలు ముసుగు వేసుకున్న ఫ్రాంక్, ఇంటి మీద పడే విమానం ఇంజను, లోకం అంతం కావడానికి ఇంకా 28 రోజుల 6 గంటల 42 నిమిషాల 12 సెకన్లే ఉందన్న లెక్క... స్నేహితులం వీటి గురించే గంటలు గంటలు వాదించుకునేవాళ్లం. ఈసారి నన్ను పట్టుకున్నది మాత్రం బ్లాక్‌బోర్డు మీద ఉన్న రెండు మాటలు.

ఉద్యోగం పోయిన ఇంగ్లీషు టీచరు సామాను సర్దుకుంటూ ఉంటుంది. బోర్డు మీద ‘సెలర్ డోర్’ అని రాసి ఉంటుంది. అదేమిటని డానీ అడుగుతాడు. ఇంగ్లీషులో ఇంతకంటే అందమైన పదబంధం లేదని ఒక పేరున్న భాషావేత్త అన్నాడని ఆవిడ చెబుతుంది. ఎవరా భాషావేత్త అన్నది సినిమా చెప్పదు. ఈ ఊహ చాలా పాతది, 1903 నాటికే అచ్చులో కనబడుతుంది. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ ఒకరు. అర్థాన్నీ స్పెల్లింగునూ పక్కనపెట్టి వింటే దీని అందం మరీ తెలుస్తుందని 1955లో ఒక ఉపన్యాసంలో అన్నాడు. అర్థం చూస్తే ఏముంది, నేలమాళిగ తలుపు!

టోల్కీన్ పెట్టిన షరతు టీనేజీలో నాకు తనంతట తానే కుదిరింది. సెల్లార్ అంటే మనకు బండ్లు పెట్టుకునే చోటు. మనం లకారాన్ని ఒత్తి, ఆ తర్వాతి అచ్చును సాగదీసి పలుకుతాం కాబట్టి ఆ మాటా ఈ మాటా ఒకటేనని తట్టదు. బ్రిటిష్ యాసలో రకారాలు వినబడక ఇది దాదాపు ‘సెలడో’ అయిపోతుంది.

మన వ్యాకరణం లెక్కలో చూడండి. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. మిగిలినవి స్థిరాలు. ‘సెలర్ డోర్’లో ఒక్క పరుషం కూడా లేదు. ‘సెలయేరు’లోనూ లేదు. వింటుంటే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. కానీ నీళ్లు గుర్తుకు రాకుండా సెలయేరు అనే మాటను వినడం నా వల్ల కాదు. అందుకని అర్థం ఇంపుగా లేని మాటల కోసం వెతికాను. దిగులు. గుబులు. ఒకసారి పైకి అని చూడండి, ఎంత మెత్తగా జారిపోతాయో! లోపల తొలిచే బాధకు ఇంత మెత్తని పేరు పెట్టుకున్నాం. నా వరకు తెలుగు ‘సెలర్ డోర్’ అంటే దిగులే. మీరేమంటారు?

— నా ఓటు వెన్నెలకు. అర్థంతో సహా!

— పరుషాలు లేకపోవడమే అందమైతే ‘కాటుక’ సంగతేమిటండీ? అందులో అన్నీ పరుషాలే. ‘పాట’లోనూ అంతే. అవి చెవికి కటువుగా ఉన్నాయా? కాకపోతే మీరన్న మెత్తదనం తెలుగు సంధుల్లో బాగా కనబడుతుంది. అన్న పక్కన తమ్ముడు చేరితే అన్నదమ్ములు, తల్లి పక్కన తండ్రి చేరితే తల్లిదండ్రులు. మాటలు కలిసేచోట తకారం దకారమైపోయింది. గసడదవాదేశాన్ని పరీక్షల కోసం బట్టీపట్టాం గానీ, పైకి పలుకుతూ విన్నామా?

— (నా జవాబు) అన్నదమ్ములు భలే ఉదాహరణ అండీ, ఇకమీద ఆ సంధిని చెవితో వింటాను. కాటుక మాత్రం నాకు కళ్లతో కలిసే వినబడుతుంది, విడదీయలేను. సినిమా కూడా అక్కడికే తీసుకెళుతుంది. చివర్లో డానీ, అతను ప్రేమించిన గ్రెచెన్ వాళ్లు సైకిళ్ల మీద రాబర్టా స్పారో అనే ముసలావిడ ఇంటికి వెళతారు. అక్కడ నిజంగానే ఒక నేలమాళిగ తలుపు ఉంటుంది. దాన్ని చూసి డానీ ఆ రెండు మాటలూ పైకి అంటాడు. లోపలికి దిగుతారు. ఆ రాత్రే గ్రెచెన్ ప్రాణం పోతుంది. టీచరు ఒట్టి శబ్దంగా చేతికిచ్చిన మాటకు కెల్లీ అక్కడ అర్థాన్ని తిరిగి తగిలించాడు, అదీ భయంకరమైన అర్థం. టీనేజీలో నా చెవి బోర్డు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు టీచరు ఆ మాట అంటుండగానే ఆ తలుపు కనబడి గుండె ఝల్లుమంది.

మీ కాటుక వరసలోనే ఒకటి అడుగుతాను. అన్నీ పరుషాలే ఉండి, అర్థం చేదై, వినడానికి మాత్రం ఇంపుగా ఉండే తెలుగు మాట ఏదైనా తోస్తే రాయండి. నాకు ‘చీకటి’ తట్టింది గానీ, చీకటి అందరికీ చేదు కాదు కదా.