కరెంట్ (నీటి ప్రవాహం) ఉన్న చోట స్కూబా డైవింగ్: ఎదురీదడం ఎలా ప్రాక్టీస్ చేయాలి?

ఉప్పల్_అబ్బాయి: అందరికీ నమస్తే. స్కూబాలో మొదటి మెట్టు, ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయింది, సంక్రాంతి తర్వాత ఫ్రెండ్స్‌తో అండమాన్ వెళ్తున్నాం, హావ్‌లాక్‌లోనే ఉంటాం. అక్కడ డిక్సన్స్ పినకిల్ అనే డైవ్ సైట్ దగ్గర కరెంట్ గట్టిగా ఉంటుందట. గచ్చిబౌలి పూల్‌లో ఆగకుండా ఈదుతాను కానీ కరెంట్‌కి ఎదురీదగలనా అని టెన్షన్‌గా ఉంది. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

నీలి_అక్క: తమ్ముడూ, ముందు ఆ సైట్ సంగతి. నీ కోర్సుకి హద్దు 18 మీటర్లు, అది అంతకన్నా లోతు, అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాక వెళ్లు. ఇక ఎదురీదడం అన్న ఆలోచనే మానెయ్. ఒక నాట్ కరెంట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు, మన నడక కన్నా తక్కువే, కానీ సిలిండర్, బీసీడీ (గాలి నింపే డైవింగ్ జాకెట్) తగిలించుకుని దానికి ఎదురు ఫిన్స్ కొడితే కాసేపటికే ఆయాసం, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి తలనొప్పి, ఆ మీదట కంగారు, కంగారుకి గాలి ఇంకా వేగంగా అయిపోతుంది. నీళ్లలోకి దిగగానే చేపల్ని చూడు. అన్నీ ఒకే దిక్కుకి మొహం పెట్టి నిలబడ్డాయంటే కరెంట్ అటు నుంచే వస్తోందన్నమాట. అడుగున రాళ్ల రాపిడికి నీటి వేగం తగ్గుతుంది, కాబట్టి పగడాలకి తగలకుండా కిందకే ఉండు, పెద్ద బండ దొరికితే దాని చాటుకి వెళ్లు. బయటపడాలంటే కరెంట్‌కి అడ్డంగా ఈదాలి.

తిథి_చూసేవాడు: అక్క చెప్పింది నిజం. నేనైతే టికెట్లు తీసే ముందే క్యాలెండర్ చూడమంటా. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దగా ఉంటుంది, కరెంట్ కూడా అంతే. అష్టమి దగ్గర, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, బాగా తగ్గుతుంది. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వచ్చినా తిథి మాత్రం మారిపోతుంది కదా, చూసుకోండి. పోటు తిరిగి పాటు మొదలయ్యే ముందు నీళ్లు కాసేపు నిలకడగా ఉంటాయి, దిగే టైమ్ దాన్నిబట్టి పెట్టమని డైవ్ షాప్ వాళ్లని అడగండి. ఇంకోటి, చివరి డైవ్‌కీ హైదరాబాద్ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి.

ఉప్పల్_అబ్బాయి: థాంక్స్ అక్కా, అన్నా. కిందకి లాగే కరెంట్ కూడా ఉంటుందంటగా? గ్రూప్ నుంచి విడిపోతే ఏం చేయాలి?

నీలి_అక్క: ఉంటుంది, నిలువు గోడలాంటి రీఫ్‌ల దగ్గర. గోడకి దూరంగా పక్కకి ఈదు, అవసరమైతే బీసీడీలో కొంచెం గాలి నింపు. కరెంట్ వదిలిన క్షణమే ఆ గాలి తీసెయ్, లేకపోతే పైకి ఎగిరిపోతావ్, నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. విడిపోతే ఒక్క నిమిషం వెతికి పైకొచ్చెయ్, వాళ్లూ అదే చేస్తారు. అలల మధ్య మన తల బోటువాళ్లకి కొబ్బరికాయంత కనిపిస్తే గొప్ప, అందుకే ఎస్ఎంబీ (గాలి ఊది నీటిపైకి వదిలే రంగుల గొట్టం) నీ దగ్గర సొంతంగా ఉండాలి, డైవ్ షాప్ గైడ్ దగ్గర ఉందిలే అనుకోకు. ప్రాక్టీస్ అడిగావుగా, ఎవరైనా ఇన్‌స్ట్రక్టర్‌తో పూల్‌లో దాన్ని ఊది పైకి వదలడం నేర్చుకో, దానికి కట్టే రీల్ దారం మాత్రం చేతికి చుట్టుకోకు.