సాయంత్రం టెన్షన్ మొదలైతే వంట చేస్తున్నా, ఏ వంటలు నయం?

నయీంనగర్ తమ్ముడు:
హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నా. సాయంత్రం అయిందంటే గుండె దడ, చేతుల్లో చెమట, ఏదో అయిపోతుందన్న భయం. డాక్టరు చూసి గుండెకు ఏమీ లేదు, ఇది యాంగ్జైటీ అని మందు రాశారు, వాడుతున్నా. ఆ వేళకు చేతులకు ఏదైనా పని పెట్టుకోమని కూడా చెప్పారు. అట్లా వంట మొదలుపెట్టా. ఒక్కోరోజు నిజంగానే మనసు కుదుటపడుతోంది. ఇంకోరోజు యూట్యూబ్ చూసి బిర్యానీ లాంటిది పెట్టుకుంటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది. వంటతో తేరుకున్నవాళ్లుంటే ఏం వండేవారో చెప్పండి.

కాజీపేట అక్క:
తమ్ముడూ, నేనూ ఇవన్నీ పడ్డదాన్నే. మా ఆయనది రైల్వే డ్యూటీ, రాత్రుళ్లు ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నాకు బాగా పనిచేసింది సర్వపిండి.

బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ కలపాలి. సర్వ అంటే మందపాటి లోతు గిన్నె, దాని లోపల నూనె రాసి ముద్దను వేళ్లతో పల్చగా అద్దుకుంటూ పోవాలి. ఎక్కడ మందంగా ఉందో వేళ్లకే తెలుస్తుంది. ఆ పనిలో ఉన్నంతసేపు మనసు రేపటి సంగతుల మీదికి పోదు. తర్వాత వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కోదాంట్లో చుక్క నూనె వేసి, మూత పెట్టి చిన్న మంట మీద ఉంచాలి. ఇక మనం తొందరపెడితే అయ్యే పని కాదు. మంట పెంచితే అడుగు మాడి పైన పచ్చిగా మిగులుతుంది. పల్లీల కమ్మటి వాసన వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. ఒకటి తీశాక గిన్నె చల్లారితే తప్ప రెండోది అద్దలేం. నాకు ఊపిరి నెమ్మదించేది అట్లా కూర్చున్నప్పుడే.

ఆ వేళ వండింది ఎవరికీ చూపించకు, ఫొటో తీయకు, ఫోన్ వేరే చోట పెట్టు. కొత్త వంటలు పొద్దునపూట నేర్చుకో. సాయంత్రానికి చేతికి అలవాటైనవే ఉండాలి.

చేతులు బాగా వణికే రోజు కత్తి పట్టకు, నూనె మూకుడు పెట్టకు. పచ్చిపులుసు చాలు. చింతపండు పిసుకు, ముందే తరిగి పెట్టుకున్న ఉల్లిగడ్డ నలిపి వెయ్యి, పోపు లేకున్నా ఏం కాదు. ఆ పులుపు నాలుకకు తగిలితే నాకు ఒళ్లు తెలిసొచ్చేది. సాయంత్రం టీలు కూడా తగ్గించు, దడ పెరుగుతుంది.

హుజూరాబాద్ నుంచి:
నాకు మాత్రం వంటంటేనే టెన్షన్. ఒకరికి కారం వద్దు, ఒకరికి రాత్రి జొన్నరొట్టే కావాలి, పిల్లలకు టిఫిన్ బాక్సులు. వంట చేస్తే మనసు తేలికవుతుందని ఎవరైనా అంటే ఏడుపొస్తుంది.

కాజీపేట అక్క:
చెల్లీ, మీరన్నది నిజం. ఇంటిల్లిపాది ఆకలీ ఒక్కరి మీద పడితే అది చాకిరీ. మీకు కావలసింది వంట కాదు, వంట నుంచి సెలవు. వారంలో ఒక పూటైనా పొయ్యి ఇంకొకరికి అప్పగించండి, వాళ్లు తొక్కు, అన్నం పెట్టినా తినండి. సాయంత్రం కాసేపు చెరువు కట్ట మీద నడిచినా మంచిదే.

వరంగల్ నర్సు:
తమ్ముడూ, వంటతో తగ్గిందని మందు సొంతంగా ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే మళ్లీ ఎక్కువగా తిరగబెట్టొచ్చు. పానిక్ అటాక్, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే దడ, భయం, సాధారణంగా 10 నిమిషాల లోపే తీవ్రస్థాయికి చేరి, ఆ తర్వాత దిగుతుంది. అప్పుడు పొయ్యి ఆపేసి కూర్చో. మాట్లాడటానికి ఎవరూ లేని రాత్రి 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అసలు ఆగొద్దు, వెంటనే చెయ్యి.

నయీంనగర్ తమ్ముడు:
అందరికీ థాంక్స్. అక్కా, నా దగ్గర సర్వ లేదు, కడాయి ఉంది. సరిపోతుందా?

కాజీపేట అక్క:
మందపాటిదైతే సరిపోతుంది, మూత బాగా పట్టేది చూసుకో. శనగపప్పు మధ్యాహ్నమే నానబెట్టు. ఇవాళ్టికి ఒక్కటే అద్దుకో.